చెత్త బండి రాని వీధి లెక్కల్లో ఎందుకు కనిపించదు?

నగరంలో చెత్త సేకరణ ఎలా సాగుతోందని అడిగితే పాలకవర్గం చెప్పే జవాబుకూ, నివాసి చెప్పే జవాబుకూ తరచూ పొంతన ఉండదు. రోజుకు ఎన్ని టన్నులు ఎత్తారు, ఎన్ని వాహనాలు తిరిగాయి, ఎంత శాతం ఇళ్లకు సేవ అందుతోంది అనే అంకెలు నగరపాలక సంస్థ దగ్గర ఉంటాయి. నివాసి మనసులో ఉండే లెక్క వేరు. ఈ వారం బండి ఏ రోజు వచ్చింది, ఏ వేళకు వచ్చింది, రాని రోజున నిండిపోయిన డబ్బాను ఎక్కడ పెట్టుకోవలసి వచ్చింది అన్నదే అతని అనుభవం. ఈ రెండింటిలో ఒకటి నిజం, మరొకటి అబద్ధం కానక్కర్లేదు. నగరం మొత్తం మీద 90 శాతం చెత్త ఎత్తిన రోజునే ఏదో ఒక వీధికి వరుసగా నాలుగోసారి బండి రాకుండా పోవచ్చు. పెరుగుతున్న నగరంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. అందకుండా పోయిన ఆ 10 శాతం నగరమంతటా సమానంగా పరుచుకుని ఉండదు. రోజుకొక వీధి చొప్పున వంతులవారీగా తిరగదు. కొన్ని వీధుల మీద, కొన్ని రకాల ఇళ్ల మీద అది పదే పదే పడుతుంది. సగటు అంకె దానిని కప్పేస్తుంది.

చెత్త పరిమాణం పెరుగుతున్న తీరు చూస్తే ఈ ఒత్తిడి అర్థమవుతుంది. ప్రపంచ బ్యాంకు 2018లో ప్రకటించిన అంచనా ప్రకారం 2016లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 201 కోట్ల టన్నుల ఘన వ్యర్థాలు పోగయ్యాయి. 2050 నాటికి అవి 340 కోట్ల టన్నులకు చేరతాయి. 2016 లెక్కలో అది సగటున మనిషికి రోజుకు 740 గ్రాములు. అధికాదాయ దేశాల్లో ఇందులో దాదాపు అంతా సేకరణకు అందుతుండగా, అల్పాదాయ దేశాల నగరాల్లో సగం కూడా అందడం లేదని ఆ అంచనాయే చెబుతోంది. అలాగని ఆ నగరాలు డబ్బు పెట్టడం లేదని అనుకోవడానికి లేదు. అల్పాదాయ దేశాల్లో పురపాలక సంస్థలు తమ బడ్జెట్లో సగటున ఐదో వంతు చెత్త నిర్వహణకే ఖర్చు చేస్తున్నాయి. అధికాదాయ దేశాల్లో ఆ వాటా 4 శాతం దగ్గరే ఉంది. తన ఆదాయంలో అంత పెద్ద వాటా ఖర్చు పెట్టిన తరువాత కూడా నగరం కొన్ని వీధులకు చేరలేకపోతోందంటే, కారణాన్ని బడ్జెట్ పద్దుల్లో కన్నా బండి తిరిగే దారిలో వెతకడం మేలు.

ఆ దారిని కాస్త దగ్గరగా చూద్దాం. ఒక బండికి 8 గంటల షిఫ్టు ఉందనుకుందాం. డంపింగ్ యార్డు దగ్గరగా ఉన్నప్పుడు, నిండిన బండి అక్కడికి వెళ్లి, కాంటా వేయించుకుని, చెత్త దింపి తిరిగి రావడానికి గంట పడుతుంది. అప్పుడు మూడు ట్రిప్పులకు మూడు గంటలు పోగా, ఇళ్ల ముందు చెత్త ఎత్తుకోవడానికి ఐదు గంటలు మిగులుతాయి. నగరం విస్తరించే కొద్దీ యార్డు చుట్టూ ఇళ్లు వస్తాయి, అభ్యంతరాలు వస్తాయి, యార్డు ఇంకా దూరానికి జరుగుతుంది. రోడ్ల మీద రద్దీ కూడా పెరుగుతుంది. పోయి రావడానికి రెండున్నర గంటలు పట్టడం మొదలైతే రెండు ట్రిప్పులకే ఐదు గంటలు రోడ్డు మీదే కరిగిపోతాయి. మూడో ట్రిప్పు ఉండదు. బండి అదే, డ్రైవరు అతనే, పని గంటలు అవే. కానీ ఎత్తగలిగిన ఇళ్లు దాదాపు మూడింట రెండు వంతులకు పడిపోతాయి. ఇదే కాలంలో రూటులో కొత్త ఇళ్లు చేరుతూ ఉంటాయి కాబట్టి లోటు రెండు వైపుల నుంచీ పెరుగుతుంది.

ఇప్పుడు ఆ లోటు ఎవరి మీద పడుతుంది? రూటు ఎప్పుడూ ఒకే చోట మొదలై ఒకే చోట ముగుస్తుంది. మొదటి వీధులు పెద్ద రోడ్డు పక్కన ఉంటాయి, అధికారుల కంట పడతాయి, బండి తేలిగ్గా తిరుగుతుంది. చివరి వీధులు లోపలికి ఉంటాయి, సందులు ఇరుకుగా ఉంటాయి, బండి వెనక్కి తీసుకోవలసి వస్తుంది. బండి నిండిపోయినా, సమయం చాలకపోయినా వదిలేసేది ఆ చివరి వీధులనే. ఇందులో ఎవరి పక్షపాతమూ ఉండనక్కర్లేదు, ఎవరూ ఎవరినీ నిర్లక్ష్యం చేయాలని అనుకోనక్కర్లేదు. రూటు దిశ మారనంత కాలం నిన్న మిగిలిపోయిన వీధే ఇవాళా మిగిలిపోతుంది. నెలకు ఒకసారి రూటును తలకిందులు చేసినా, వారానికి రెండు రోజులు చివరి నుంచి మొదలుపెట్టినా ఈ భారం కొంత పంచుకోబడుతుంది. ఖర్చు లేని ఈ మార్పు అమలులో అరుదుగా కనిపించడానికి కారణం, లోటు ఉన్న సంగతి టన్నుల లెక్కలో తెలియకపోవడమే. బండి రెండు ట్రిప్పులూ నిండుగానే వెళ్లింది కదా! కాంటా చీటీలో ఏ వెలితీ కనిపించదు.

దీనికి నగరాలు ఎంచుకునే శాశ్వత పరిష్కారం ట్రాన్స్‌ఫర్ స్టేషన్. చిన్న బండ్లు దగ్గరలోనే చెత్త దింపి మళ్లీ వీధుల్లోకి వెళతాయి. అక్కడి నుంచి పెద్ద లారీలు దూరపు యార్డుకు మోస్తాయి. లెక్క ప్రకారం ఇది సరైన పద్ధతే. అయితే ఆ స్టేషన్ కూడా ఏదో ఒక బస్తీ పక్కనే ఉండాలి. దాని దుర్వాసన, లారీల రొద, కారే మురుగు నీరు అక్కడివారు భరించాలి. నగరమంతటికీ మేలు చేసే పనికి ఒక వాడ మాత్రమే మూల్యం చెల్లించవలసి వచ్చినప్పుడు ఆ వాడ వ్యతిరేకించడాన్ని స్వార్థమని కొట్టిపారేయడం అన్యాయం. నేలను రోజూ కడగడం, పైకప్పు వేయడం, రాత్రికి చెత్త నిల్వ ఉంచకపోవడం వంటి మాటలు ముందుగా ఇచ్చి నిలబెట్టుకున్న చోట్ల వ్యతిరేకత తగ్గే అవకాశం ఉంటుంది. మాట ఇచ్చి తప్పిన చోట తరువాతి స్టేషన్‌కు స్థలం దొరకదు.

ఇంటి లోపలి నుంచి చూస్తే ఈ సేవ స్వరూపం మరోలా ఉంటుంది. మూడో అంతస్తులో ఉన్న ఇంట్లో ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లేవారు. బండి ఉదయం ఆరున్నరకూ వస్తుంది, తొమ్మిదింటికీ వస్తుంది, కొన్ని రోజులు పదకొండింటికి వస్తుంది. వీధి మలుపులో మైకు వినిపించగానే డబ్బా పట్టుకుని మెట్లు దిగేలోపు బండి రెండు ఇళ్లు దాటిపోతుంది. వెనక పరుగెత్తి పిలిస్తే డ్రైవరు ఆపవచ్చు, ఆపకపోవచ్చు. రాత్రే డబ్బా కింద పెడదామంటే కుక్కలు లాగేస్తాయి, ఇంటి యజమాని ఒప్పుకోడు. ఇంట్లోనే ఉంచుదామంటే రెండో రోజుకే తడి చెత్త వాసన పడుతుంది. చివరకు ఆఫీసుకు వెళ్లే దారిలో ఖాళీ స్థలం దగ్గర, అప్పటికే నాలుగు సంచులు పడి ఉన్న చోట, ఐదో సంచి పడుతుంది. ఆ సంచి వేసినవారికి అది తప్పని తెలుసు. పౌరస్పృహ గురించి ఎన్ని బోర్డులు పెట్టినా వారికి కొత్తగా తెలిసేది ఏమీ లేదు. వారికి కావలసింది బండి ఎప్పుడు వస్తుందో ముందుగా తెలియడం.

అందుకే రోజూ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే బండి కన్నా, రెండు రోజులకు ఒకసారైనా చెప్పిన వేళకు తప్పకుండా వచ్చే బండి నివాసికి ఎక్కువ ఉపయోగపడుతుంది. ఎన్ని రోజులకు ఒకసారి ఎత్తాలి అనే దానికి ఒక జీవశాస్త్ర పరిమితి ఉన్న మాట వాస్తవమే. వేడి వాతావరణంలో ఈగ గుడ్డు నుంచి పూర్తి ఈగగా మారడానికి వారం నుంచి పది రోజులు చాలు. కాబట్టి ఉష్ణ ప్రాంతాల్లో వారానికి కనీసం రెండుసార్లు తడి చెత్త ఎత్తకపోతే ఈగలు పెరగకుండా ఆపలేం. ఆ పరిమితికి లోబడి చూస్తే, రోజూ తిరగాలన్న పట్టుదల కన్నా వేళ తప్పకపోవడమే ముఖ్యం. వాహనాలు చాలని నగరం ప్రతి ఇంటికీ రోజూ వస్తామని మాట ఇచ్చి సగం రోజులు తప్పడం కన్నా, రోజు విడిచి రోజు వస్తామని చెప్పి నిలబెట్టుకోవడం నిజాయితీగా ఉంటుంది, పని కూడా జరుగుతుంది. తైవాన్ రాజధాని తైపే ఇదే సూత్రం మీద నడుస్తోంది. అక్కడ చెత్త వాహనాలు సంగీతం మోగించుకుంటూ వారానికి ఐదు రోజులు నిర్ణీత వేళకు నిర్ణీత చోటికి వస్తాయి. జనం సంచులు పట్టుకుని వచ్చి తామే బండిలో వేస్తారు. అది ఇంటి గుమ్మం దాకా వచ్చే సేవ కాదు, నివాసి శ్రమ కూడా తక్కువేమీ కాదు. అయినా అది నిలబడిందంటే, దిగి వెళ్లినవారికి బండి తప్పకుండా కనిపిస్తుందన్న నమ్మకమే కారణం. చాలా చోట్ల బండి సాయంత్రం, రాత్రి వేళల్లో రావడం ఉద్యోగాలు చేసేవారికి కలిసొచ్చే మరో విషయం. పనివేళల్లో మాత్రమే తిరిగే సేవ, పగలంతా ఎవరో ఒకరు ఇంట్లో ఉంటారన్న పాత ఊహ మీద ఆధారపడి ఉంటుంది. ఆ ఊహ నగరాల్లో ఎప్పుడో చెల్లిపోయింది.

వీధి చివర కుండీలు ఉండాలా, తీసేయాలా అనే చర్చ కూడా ఈ నమ్మకం దగ్గరే తేలుతుంది. కుండీకి వేళతో పని లేదు. ఎవరికి వీలున్నప్పుడు వారు వేసి పోవచ్చు. కానీ అది పొంగిపొర్లితే చుట్టుపక్కల నాలుగు ఇళ్లవారు కిటికీ తీయలేరు. అందుకని చాలా నగరాలు కుండీలు ఎత్తేసి ఇంటింటి సేకరణకు మారాయి. బండి క్రమంగా వచ్చే వీధుల్లో ఈ మార్పు మేలే చేసింది. రాని వీధుల్లో కుండీ పోయింది గానీ, కుండీ ఉన్న చోటు అలాగే ఉండిపోయింది. కుండీ ఉన్నప్పుడు చెత్త కనీసం ఒక రేకు డబ్బాలో ఉండేది, ఇప్పుడు నేల మీద ఉంటోంది. వాన వస్తే మురుగు కాలువలోకి చేరి నీళ్లు నిలిచిపోతాయి. ఎండాకాలంలో ఎవరో ఒకరు నిప్పు పెడతారు. ప్లాస్టిక్ కలిసిన చెత్తను అలా ఆరుబయట కాలిస్తే వచ్చే పొగలో డయాక్సిన్లతో పాటు సన్నని మసి కణాలు ఉంటాయి. కాల్చినవారి కన్నా ఆ పొగను పక్కింటి పిల్లలు, వృద్ధులు ఎక్కువగా పీలుస్తారు. ముందు బండిని స్థిరపరచి ఆ తరువాత కుండీ తీయాలి. ఈ వరుస తారుమారైన చోటల్లా కనిపించేది పరిశుభ్రత కాదు, చోటు మారిన కుప్ప మాత్రమే.

ఈ డబ్బాల చరిత్రలోనూ గమనించదగిన సంగతి ఒకటి ఉంది. 1883 నవంబరులో పారిస్ పాలనాధికారి యూజీన్ పుబెల్ ఒక ఉత్తర్వు జారీ చేశారు. ప్రతి భవన యజమాని తన భవనంలో అద్దెకు ఉండేవారి కోసం మూత ఉన్న డబ్బాలు ఏర్పాటు చేయాలన్నది దాని సారాంశం. బాధ్యతను అద్దెకున్నవారి మీద కాక యజమాని మీద పెట్టడం ఇందులోని కీలకం. యజమానులు ఖర్చని గొణిగారు, వీధుల్లో చెత్త ఏరుకుని బతికేవారు పొట్ట కొడుతున్నారని నిరసించారు. న్యూయార్కులో 2024 నవంబరు నుంచి 9 దాకా ఫ్లాట్లున్న భవనాలు మూత బిగిసే డబ్బాలే వాడాలన్న నియమం వచ్చింది. అంతకు ముందు అర్ధ శతాబ్దానికి పైగా అక్కడ ప్లాస్టిక్ సంచులను నేరుగా కాలిబాట మీద పెట్టేవారు, ఎలుకలకు అదే విందు. పెరుగుతున్న నగరాల్లో జనాభాలో పెద్ద భాగం అద్దె ఇళ్లలోనే ఉంటుంది. ఏడాదికో రెండేళ్లకో ఇల్లు మారేవారికి బండి వేళలు, తడి పొడి నియమాలు, ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి ప్రతిసారీ కొత్తే. భవనంలో డబ్బాలకు చోటు, వేళలు రాసిన పలక ఉండేలా యజమానిని బాధ్యుణ్ణి చేయకపోతే, కొత్తగా వచ్చినవారు పక్కవారిని చూసి నేర్చుకుంటారు. పక్కవారు మూలన వేస్తుంటే అదే నేర్చుకుంటారు.

తడి చెత్త, పొడి చెత్త వేరు చేయడం దగ్గర నివాసుల అసంతృప్తి మరింత లోతుగా ఉంటుంది. ఇంట్లో రెండు డబ్బాలు పెట్టుకుని, పిల్లలకు నేర్పి, జాగ్రత్తగా వేరు చేసి ఇచ్చిన చెత్తను బండిలో ఒకే అరలో కుమ్మరించడం కళ్లారా చూసినవారు మరుసటి నెలకు ఒకే డబ్బాకు మళ్లిపోతారు. దీనిని కార్మికుడి అలసత్వంగా చూడటం సులువు. కానీ బండి నిర్మాణం చూస్తే వేరే కారణం కనిపిస్తుంది. చాలా బండ్లలో రెండు అరలు సమానంగా ఉంటాయి. ఇళ్ల నుంచి వచ్చే రెండు రకాలు మాత్రం సమానం కావు. ప్రపంచ సగటున చెత్తలో 44 శాతం ఆహార, ఆకు వ్యర్థాలే. అల్పాదాయ దేశాల్లో అవి సగానికి మించుతాయి. అవి బరువెక్కువ, చోటు తక్కువ. పొడి చెత్త తేలిక, కానీ అట్టపెట్టెలు, సీసాలు, సంచులతో చోటంతా ఆక్రమిస్తుంది. రూటు సగంలో ఉండగానే రెండు అరల్లో ఒకటి నిండుతుంది, రెండోది సగం ఖాళీగా ఉంటుంది. అప్పుడు కార్మికుడి ముందు రెండే దారులు ఉంటాయి: నిండిన అర కోసం యార్డుకు వెళ్లి మిగిలిన వీధులను వదిలేయడం, లేదా కలిపేయడం. అతను కలిపేస్తాడు. ఆ సమయంలో అతను కాపాడుతున్నది రూటు చివరి వీధివారినే అన్నది గుర్తుంచుకోవాలి. పొడి చెత్తకు వారంలో వేరే రోజు, వేరే బండి కేటాయిస్తే ఈ చిక్కు చాలా వరకు విడిపోతుంది. పొడి చెత్త కుళ్లదు కాబట్టి ఇంట్లో వారం ఉన్నా నష్టం లేదు. చెత్తను బిగించి కుక్కే కంపాక్టర్ వాహనాల విషయంలోనూ ఇలాంటి పొరపాటే జరుగుతుంది. ప్యాకింగు డబ్బాలు, కాగితాలు ఎక్కువగా ఉండే తేలికపాటి చెత్తకు అవి బాగా పనికొస్తాయి. నీరు నిండిన బరువైన చెత్తను అవి పెద్దగా కుదించలేవు, వెనక నుంచి కారే నీరు మాత్రం వీధి పొడుగునా చారలు కడుతుంది.

పనిచేస్తున్న పద్ధతిని సరిగా గమనించకుండా మార్చితే ఏమవుతుందో కైరో చూపించింది. ఆ నగరంలో జబ్బాలీన్ అనే సమూహం దశాబ్దాలుగా ఫ్లాట్ల మెట్లెక్కి గుమ్మం దగ్గరే చెత్త తీసుకుని, చేత్తో ఏరి, అందులో 80 శాతం దాకా తిరిగి వాడకంలోకి తెచ్చేదని పరిశోధకులు చెబుతారు. 2003లో ప్రభుత్వం స్పెయిన్, ఇటలీ కంపెనీలకు 15 ఏళ్ల కాంట్రాక్టులు ఇచ్చింది. రుసుమును కరెంటు బిల్లులో కలిపింది. కంపెనీలు వీధుల్లో పెద్ద కుండీలు పెట్టాయి, జనమే చెత్తను అక్కడికి మోసుకెళ్లాలన్నాయి. గుమ్మం దగ్గర సేవకు అలవాటు పడ్డవారికి అది మెరుగుదలగా తోచలేదు. పెద్ద వాహనాలు ఇరుకు సందుల్లోకి దూరలేదు. చాలా కుటుంబాలు కరెంటు బిల్లులో ఒకసారి, పాత మనిషికి చేతికి ఒకసారి, ఒకే పనికి రెండుసార్లు డబ్బు కట్టాయి. ఆ కాంట్రాక్టుల గడువు తీరాక వాటిని పొడిగించలేదు. ఇందులో విదేశీ కంపెనీలు, స్థానికులు అన్న తేడా కన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. పథకం గీసినవారు చెత్త రవాణాను చూశారు గానీ, మూడో అంతస్తు నుంచి వీధి దాకా ఉన్న ఆ కొద్ది దూరాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఆ దూరం వృద్ధులకు, గర్భిణులకు, పనికి పరుగెత్తేవారికి చిన్నది కాదు.

రుసుము విషయంలో జనం మొండికేస్తారని పాలకులు తరచూ అంటారు. అది సగం నిజమే. బండి రాకపోయినా పన్నుతో పాటు రుసుము కట్టవలసి వస్తే, డబ్బు ఆపి నిరసన తెలిపే దారి కూడా నివాసికి ఉండదు. కోపం పేరుకుంటుంది. చెత్త ఎంత వేస్తే అంత కట్టే పద్ధతిని దక్షిణ కొరియా 1995లో దేశమంతటా అమలులోకి తెచ్చింది. ప్రత్యేక సంచులు కొని వాటిలోనే చెత్త వేయాలి. తైపే 2000లో అదే దారి పట్టింది. రెండు చోట్లా చెత్త తగ్గింది, వేరు చేయడం పెరిగింది. ఆ విజయాన్ని చూసి సేకరణే సరిగా లేని నగరాలు ముందుగా సంచి రుసుము పెడితే ఫలితం తిరగబడుతుంది. సంచి కొనే బదులు చీకట్లో కాలువ గట్టున పారబోయడం తేలిక కదా. రుసుము రెండో మెట్టు. దాని కింద తప్పకుండా వచ్చే బండి అనే మొదటి మెట్టు ఉండాలి.

ఫిర్యాదుల అంకెలను చదవడంలో జరిగే పొరపాటు గురించి కాస్త ఎక్కువగా చెప్పుకోవలసి ఉంది, ఎందుకంటే నివాసి గొంతు నగరానికి చేరే ప్రధాన మార్గం ఇప్పుడు ఫోన్ యాప్, కాల్ సెంటరే. ఫిర్యాదు తక్కువగా వచ్చిన వార్డులో సేవ బాగుందని తేల్చేస్తారు. కానీ ఫిర్యాదు చేయాలంటే జవాబు వస్తుందన్న ఆశ ఉండాలి. చదవడం రాయడం వచ్చి ఉండాలి, తీరిక ఉండాలి, తన చిరునామా అధికారికంగా నమోదై ఉండాలి. రోజూ బండి వచ్చే కాలనీలో ఒక్కరోజు తప్పితే పది ఫిర్యాదులు వస్తాయి. నెలకోసారి బండి కనిపించే బస్తీలో ఒక్కటీ రాదు, ఎందుకంటే అక్కడివారు ఎప్పుడో ఆశ వదులుకున్నారు. ఫిర్యాదుల వరుసలోనే బండ్లను పంపితే సేవ బాగున్న చోటికే ఇంకా ఎక్కువ సేవ వెళుతుంది. ఫిర్యాదు ముగించే తీరులోనూ లోపం ఉంది. కుప్ప ఎత్తి, ఫొటో తీసి, పరిష్కరించామని నమోదు చేస్తారు. మూడో రోజుకు కుప్ప మళ్లీ అక్కడే ఉంటుంది. నివాసి రెండోసారి, మూడోసారి ఫిర్యాదు చేస్తే అవి మూడు పరిష్కారాలుగా లెక్కకెక్కుతాయి. అసలు అక్కడ ఉన్నది పరిష్కారం కాని ఒకే ఒక సమస్య. ఒకే చోటి నుంచి మళ్లీ వచ్చిన ఫిర్యాదును కొత్త నంబరుతో కాక పాత నంబరు కిందే తిరిగి తెరవాలన్న చిన్న నియమం పెడితే, ఏ మూల ఎందుకు నిండుతోందని అడగక తప్పని పరిస్థితి వస్తుంది. అంతకన్నా మంచిది వీధివారీగా బండి రాని రోజులను లెక్కపెట్టి అందరికీ కనిపించేలా ప్రకటించడం. జీపీఎస్ అమర్చిన బండ్లు ఉన్న నగరాలకు ఆ వివరాలు ఇప్పటికే ఉన్నాయి. అవి డ్రైవరు మీద నిఘాకు వాడుతున్నారు గానీ, నివాసికి జవాబు చెప్పడానికి వాడటం లేదు.

నివాసుల అనుభవంలో మంచి అంతా చాలాసార్లు ఒక మనిషి రూపంలో ఉంటుంది. అదే కార్మికుడు ఏళ్ల తరబడి అదే వీధికి వస్తే ఎవరింట్లో మంచం పట్టిన ముసలివారు ఉన్నారో, ఎవరు ఏ వేళకు పనికి వెళతారో అతనికి తెలుస్తుంది. రాలేని రోజున ముందుగా చెబుతాడు. కాంట్రాక్టరు మారి మనుషులను మార్చినప్పుడు ఆ తెలివిడి అంతా ఒక్కరోజులో పోతుంది. ఇవతలి నుంచి కూడా బాధ్యత ఉంది. పగిలిన గాజును కాగితంలో చుట్టకుండా, వాడిన సూదులను విడిగా పెట్టకుండా సంచిలో వేస్తే కోసుకునేది చేతికి తొడుగు లేని ఆ మనిషి చేతినే. అతను గాయంతో సెలవు పెట్టిన రోజున అతని బదులు రావలసిన మనిషి చాలా చోట్ల ఉండడు. నివాసికి కనిపించేది మాత్రం బండి రాలేదన్నదే.

కొన్నిసార్లు వీధిలో లోపం ఏమీ లేకుండానే సేకరణ ఆగిపోతుంది, ఎందుకంటే ఎత్తిన చెత్త పోసే చోటు లేకపోతుంది. లెబనాన్‌లో 1997లో తాత్కాలికమని తెరిచిన నామే డంపింగ్ యార్డు పదిహేడేళ్లకు పైగా నడిచి 2015 జూలైలో మూతపడింది. దానికి బదులు మరో చోటు సిద్ధం కాలేదు. కొద్ది రోజుల్లోనే బేరూత్ వీధులు చెత్త సంచులతో నిండిపోయి, అది పెద్ద ప్రజా ఉద్యమానికి దారితీసింది. అంతవరకు సజావుగా సేవ అందుకున్న నగరవాసులకు తమ చెత్త ఎక్కడికి పోతోందో ఆలోచించవలసిన అవసరం రాలేదు. యార్డు పక్కనే బతుకుతున్నవారికి మాత్రం ఆ సంగతి రోజూ తెలుసు. 2000 జూలైలో మనీలా దగ్గర పయాటాస్‌లో చెత్త కొండ విరిగిపడి 200 మందికి పైగా, 2017 మార్చిలో అడిస్ అబాబాలో 110 మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఆ కొండ కిందే గుడిసెలు వేసుకున్నవారు. వారూ ఆ నగర నివాసులే. సేకరణ బాగుందా లేదా అని అడిగే సర్వేల్లో వారి వీధి ఉండదు.

నగరం పెరిగే అంచుల దగ్గర ఈ సమస్యలన్నీ ఒకేసారి కలుస్తాయి. అక్కడ ఇళ్లు ముందు వస్తాయి, సేవ తరువాత వస్తుంది. కొత్త లేఅవుటులో పది ఇళ్లు నిండినా నగరపాలక సంస్థ జాబితాలో అది ఇంకా ఖాళీ భూమే. ఇంటి నంబరు పడి, పన్ను మదింపు జరిగి, వార్డు హద్దులు తేలి, రూటులో చేరేసరికి రెండు మూడేళ్లు గడిచిపోతాయి. ఆ కాలంలో అక్కడివారు చెత్తను ఏదో ఒకటి చేయాలి కాబట్టి పక్క ఖాళీ ప్లాటే కుప్ప అవుతుంది. ఎవరి ప్లాటు అన్నది తేలదు, ఎత్తేవారు ఉండరు. కట్టుబడి శిథిలాలు కూడా అక్కడే చేరతాయి. తీరా బండి వచ్చే నాటికి ఆ చోటుకు అలవాటు పడిన కుటుంబాలు, దాని మీద ఆధారపడిన కుక్కలు, పక్క కాలనీల నుంచి తెచ్చి పోసేవారు అందరూ స్థిరపడి ఉంటారు. అప్పుడు దానిని తొలగించడానికి అయ్యే ఖర్చు, మొదటి నుంచి వారానికి రెండుసార్లు ఒక చిన్న బండి పంపి ఉంటే అయ్యే ఖర్చు కన్నా ఎక్కువ. నివాసయోగ్యత ధ్రువపత్రం లేకుండా చాలా చోట్ల ఇంటికి శాశ్వత నీటి కనెక్షన్, కరెంటు మీటరు ఇవ్వరు. అదే పత్రంలో ఆ ఇంటి రూటు నంబరు, బండి వచ్చే రోజులు, వేళ కూడా రాసి ఇవ్వాలన్న నిబంధన పెడితే, పన్ను జాబితా కోసం ఎదురు చూడకుండా మొదటి కుటుంబం దిగిన వారం నుంచే ఆ వీధి నగరం లెక్కలోకి వస్తుంది. బండి రాకపోతే రాలేదని చూపడానికి ఆ కుటుంబం చేతిలో ఒక కాగితం ఉంటుంది.